చిన్న గిన్నెడు భోజనం

కొండ మీద ఫలక్‌నుమా ప్యాలెస్‌లో 101 మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల ఉంది. ఆ కొండ కింద, ఓ చిన్న ఇంట్లో ఆమె భోజనం మాత్రం గిన్నెడే!

బరువు తగ్గడానికి స్లీవ్ ఆపరేషన్ చేయించుకుందామె. అందులో జీర్ణాశయాన్ని దాదాపు ముప్పాతిక వంతు తీసేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోనూ తగ్గుతుంది. ఏడాది తిరిగేసరికి ఒళ్లు తేలికైంది. షుగర్ మాత్రలు డాక్టరే తగ్గించారు. ఫలక్‌నుమా స్టేషన్ మెట్లు ఆయాసం లేకుండా ఎక్కి ఎంఎంటీఎస్ అందుకుంటోంది.

మధ్యలో జుట్టు ఊడింది, మళ్లీ వచ్చింది. పెళ్లిళ్లలో ‘అంతేనా వదినా, ఇంకాస్త వడ్డించనా’ అనే పోరు తప్పలేదు. ఆపరేషన్ పొట్టకేగానీ మొహమాటానికి కాదుగా!

అసలు చిక్కు తర్వాత వచ్చింది. ‘బాగానే ఉన్నా కదా’ అని విటమిన్ మాత్రలు మానేసింది. కొన్నాళ్లకు నీరసం, అరికాళ్లలో తిమ్మిర్లు. పరీక్ష చేస్తే బి12 లోపం! జీర్ణాశయం చిన్నదైతే ఆ విటమిన్ ఒంటికి సరిగా పట్టదు. ఇంజెక్షన్లతో కోలుకుంది. మాత్రలూ, రక్తపరీక్షలూ ఇక జీవితాంతం తప్పవని అప్పుడు తెలిసొచ్చింది.

రంజాన్‌లో పక్కింటివాళ్లు హలీమ్ పంపిస్తారు. నాలుగు చెంచాలు మెల్లగా నమిలి తింటుంది. అరగంట ఆగి మంచినీళ్లు. మిగతాది పిల్లలకు. పక్కనే మాత్రల డబ్బా... దాన్ని మాత్రం ఎవరికీ వదలదు!