సర్వర్ ఎంత మాట్లాడాలి?

డేటాబేస్ సర్వర్ లాగ్‌లో ఏం రాయాలి అన్నది చూడ్డానికి చిన్న ప్రశ్నే. కానీ మా టీములో దీనిమీద రెండు పార్టీలున్నాయి. "అంతా బాగున్నప్పుడు సర్వర్ నోరు మూసుకుని ఉండాలి" అని ఒకటి. "డిస్కుకేం కొదవ, అన్నీ రాయనీ" అని ఇంకోటి.

పోస్ట్‌గ్రెస్ సంగతే తీసుకోండి. 2022లో వచ్చిన 15వ వెర్షన్‌లో చెక్‌పాయింట్ల లాగింగ్ డిఫాల్టుగా ఆన్ చేశారు. అంతకుముందు ఆఫ్‌లో ఉండేది. మామూలుగా 5 నిమిషాలకో చెక్‌పాయింట్, మొదలైనప్పుడో లైను, అయిపోయినప్పుడో లైను. అంటే తీరికలేని సర్వర్‌లో రోజుకి 576 లైన్లు. చెత్త అంటుంది మొదటి పార్టీ. నిజమే, మామూలు రోజుల్లో ఎవడూ చదవడు. కానీ రాత్రి సైటు ఎందుకు నత్తనడక నడిచిందో పొద్దున్న వెతికేటప్పుడు పనికొచ్చేవి అవే. అంతా అయిపోయాక లాగింగ్ ఆన్ చేసి ఏం లాభం?

నాకు ఇంకా ముఖ్యమనిపించేది రికవరీ. క్రాష్ అయిన సర్వర్ లేచేటప్పుడు, చివరి చెక్‌పాయింట్ తర్వాతి మార్పులన్నీ మళ్ళీ చేసుకుంటూ వస్తుంది. పాత వెర్షన్లలో రికవరీ మొదలైందని ఓ ముక్క చెప్పి, అది అయ్యేదాకా మౌనవ్రతమే. ఓ అర్ధరాత్రి కాల్‌లో అరగంట ఆ మౌనం భరించాం. "హ్యాంగయినట్టుంది, కిల్ చేసి మళ్ళీ స్టార్ట్ చెయ్" అన్నాడు మేనేజరు. అలా చేస్తే మొత్తం మళ్ళీ మొదట్నుంచి! పీఎస్ కమాండులో చదువుతున్న ఫైలు పేరు మారుతోందని చూపించి ఆపాల్సొచ్చింది. 15లో అయితే ప్రతి 10 సెకన్లకీ ఎంతసేపైందో, ఎక్కడిదాకా వచ్చిందో ఓ లైను రాస్తుంది. ఎంత మిగిలిందో చెప్పదు గానీ, కదులుతున్నానని చెబుతుంది. అది చాలు, కిల్ మీదికి పోయే చెయ్యి ఆగుతుంది.

నా మటుకు నాకు కొలత లైన్ల లెక్క కాదు. అడిగితే సర్వర్ చెప్పగలిగేది లాగ్‌లో లేకపోయినా ఫరవాలేదు. ఇప్పుడు నడుస్తున్న వాక్యూమ్ ఎక్కడిదాకా వచ్చిందో ఓ క్వెరీ వేస్తే తెలుస్తుంది. రికవరీలో ఉన్న సర్వర్‌కి కనెక్టే కాలేం, ఇక ఏమని అడుగుతాం? అప్పుడు దానికున్న నోరు లాగ్ ఒక్కటే. ఆ నోరు మాత్రం నొక్కకండి బాబూ..

మరి మీ సర్వర్ వాగుడుకాయా, మౌనమునా?