ముద్రణకు ముందు

కంప్యూటరు తెర మీద అక్షరం కనిపించినంత మాత్రాన అది కాగితం మీదికి వచ్చినట్లు కాదు. తెర వెలుగుతో వ్రాస్తుంది. ప్రింటరు సిరాతోనో, నల్లని పొడితోనో వ్రాస్తుంది. ఈ రెండింటి నడుమ దుబాసి వలె నిలిచే చిన్న ప్రోగ్రాము ఒకటి ఉంది. దానిని డ్రైవరు అంటారు. కాగితం కొలత ఎంత, అక్షరం ఏ పరిమాణంలో పడాలి, ముద్రణ ఒక వైపా, రెండు వైపులా, నిలువా, అడ్డమా అన్న ప్రశ్నలన్నింటికీ దానికి సమాధానాలు కావాలి. మనిషి చెబితే వింటుంది. చెప్పకపోతే ఊరకుండదు, తయారుచేసినవారు ముందుగానే వ్రాసిపెట్టిన సమాధానాలతో పని ముగిస్తుంది. ‘డిఫాల్ట్’ అని వ్యవహరించేది దీనినే. సెట్టింగు మార్చడమంటే ఎవరో దూరాన కూర్చొని చేసిన నిర్ణయాన్ని తిరిగి తన చేతిలోకి తెచ్చుకోవడమే.

కాగితం కొలత ఇందుకు మంచి ఉదాహరణ. మన కార్యాలయాలలో, కళాశాలలలో విరివిగా వాడేది ఎ4 కాగితం. దాని వెడల్పు 210 మిల్లీమీటర్లు, పొడవు 297. అమెరికాలో వాడుకలో ఉన్న ‘లెటర్’ కాగితం వెడల్పు 216, పొడవు 279. చూపులకు రెండూ ఒకటే. సాఫ్ట్‌వేరు అమెరికా పద్ధతికి అమర్చి ఉంటే పత్రం లెటర్ కొలతలో తయారవుతుంది. ట్రేలో ఉన్నది ఎ4. అటువంటప్పుడు కొన్ని ప్రింటర్లు ఆగిపోయి, లెటర్ కాగితం పెట్టమని దీపాన్ని మిణుకుమిణుకుమనిపిస్తూ నిరీక్షిస్తాయి. ఊళ్లోని దుకాణాలలో దొరకని కాగితం కోసం యంత్రం తపస్సు చేస్తుంటే, అది చెడిపోయిందనుకొని మనుషులు దాని వీపు తట్టి చూస్తుంటారు! ముద్రణ కిటికీలో ‘పేపర్ సైజ్’ దగ్గర ఒక్క మాట మారిస్తే తీరే చిక్కు ఇది.

ఎ4 కొలత వెనుక ఒక గణితసౌందర్యం ఉంది. 1922లో జర్మనీ ప్రమాణంగా స్వీకరించిన ఈ వరుసలో పొడవు వెడల్పుల నిష్పత్తి రెండు వర్గమూలానికి సమానం. అందువలన కాగితాన్ని సగానికి మడిచినా ఆకారం చెడదు. ఒకే కాగితం మీద రెండు పుటలు ముద్రించమంటే అక్షరాలు దాదాపు 71 శాతానికి తగ్గి చక్కగా ఇమిడిపోవడం ఇందువల్లనే.

అయితే ఈ తగ్గించడం, పెంచడం అన్నివేళలా క్షేమకరం కాదు. ‘ఫిట్’ అన్న సెట్టింగు పుటను కాగితం అంచులలో ఇమిడేటట్లు కుదిస్తుంది. కథకు, వ్యాసానికి దానివలన నష్టం లేదు. ఒక సెంటీమీటరు ఒక కిలోమీటరుకు సమానమని వ్రాసి ఉన్న పటాన్ని అలా కుదిస్తే ఆ పటం అబద్ధమాడినట్లే. అక్కడ ‘యాక్చువల్ సైజ్’ ఎంచుకోవాలి.

ఒక విద్యార్థిని అమ్మమ్మ నోట విన్న పెళ్లిపాటలను సెలవులలో టైపు చేసి, పెన్‌డ్రైవులో వేసుకొని పట్టణంలోని డీటీపీ కేంద్రానికి వెళ్లిందనుకొందాం. అమ్మమ్మ చదివి తప్పులు దిద్దవలసిన ప్రతి అది. అక్కడి కంప్యూటరులో ఆమె వాడిన ఫాంటు లేదు. పాత పద్ధతి ఫాంట్లలో తెలుగు అక్షరం ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో దాగి ఉంటుంది. ఫాంటు లేని చోట ముసుగు తొలగి అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు బయటపడతాయి. 1991లో వెలువడిన యూనికోడ్ తెలుగుకు సొంత స్థానాలు కేటాయించిన తరువాత ఆ ముసుగుతో పని లేకపోయింది. అయినా ఒత్తులను కూర్చడం తెలియని సాఫ్ట్‌వేరు చేతిలో ‘అమ్మ’ కాస్తా ‘అమ్‌మ’ అవుతుంది. కాబట్టి ఇంటి దగ్గరనే ఫాంటును లోపల పొదిగిన పీడీఎఫ్‌గా మార్చుకొని తీసుకొని వెళ్లడం మేలు.

కడపలో సి.పి. బ్రౌన్ పండితులకు జీతాలిచ్చి తాళపత్ర గ్రంథాలకు ప్రతులు వ్రాయించాడు. ఒకే కావ్యానికి పలు ప్రతులు తెప్పించి పోల్చి చూపించాడు. ప్రతి తీసిన ప్రతిసారీ ఒక అక్షరం జారిపోయే ప్రమాదం ఉండడమే దానికి కారణం. లేఖకుని చేతిలో జారిన అక్షరమే నేడు ఫాంటులో జారుతున్నది.

ఆ తాళపత్రాలు రెండు వైపులా వ్రాసినవే. చదువరి ఆకును పొడవాటి అంచు మీదుగా తిప్పుతాడు. నేటి ప్రింటరు కూడా రెండు వైపుల ముద్రణకు ముందు పొడవాటి అంచు మీదుగానా, పొట్టి అంచు మీదుగానా అని అడుగుతుంది. పొరపడితే రెండవ పుట తలక్రిందులవుతుంది. కాగితానికి రెండు ముఖాలున్నాయన్న సంగతిని కార్యాలయాలు చాలాకాలం మరచిపోయాయి. 2020లో భారత సర్వోన్నత న్యాయస్థానం తన ముందు దాఖలు చేసే పత్రాలను ఎ4 కాగితం మీద రెండు వైపులా ముద్రించాలని ఆదేశించింది.

మార్పు ఎక్కడ చేయాలన్నదీ ముఖ్యమే. ప్రోగ్రాములోని ముద్రణ కిటికీలో చేసిన మార్పు సాధారణంగా ఆ పూట పనికే పరిమితం. కంప్యూటరు సెట్టింగులలో ప్రింటరు పేరు వెదకి, ‘ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్’లో మార్చితే అది తరువాతి పత్రాలన్నింటికీ వర్తిస్తుంది. నలుగురు వాడే యంత్రానికి రెండవ విధమైన మార్పు చేసి చెప్పకుండా వెళ్లడం మర్యాద కాదు.

అమ్మమ్మకు చూపు మందగించింది. 12 పాయింట్ల అక్షరాలు ఆమెకు ఆనవు. అదే ఎ4 పుటను ఎ3 కాగితం మీద 141 శాతానికి పెంచి ముద్రిస్తే అక్షరం దాదాపు 17 పాయింట్లవుతుంది. నలభై పుటలూ ఒక్కసారిగా వదలక, పుటల సంఖ్య అడిగే చోట 1 అని వేసి ఒక్క పుట తీసి చూసుకోవాలి. ఆ పుటను వెలుతురుకు పట్టుకొని చదివి, “ఇక్కడ ఒక చరణం పోయిందే తల్లీ!” అని అమ్మమ్మ అంటే, దానికి ఏ సెట్టింగూ లేదు. ఆమె మళ్లీ పాడాలి, మనుమరాలు మళ్లీ టైపు చేయాలి.