కారణం రాయని ఒక్క లైను

ప్రియమైన తమ్ముళ్లకు,

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగారు. నేను రచయితను కాను. మొబైల్ యాప్‌లు తయారుచేసే ఉద్యోగం చేస్తున్నాను. ఆ పనిలో నేను చేసిన ఒక తప్పు గురించే రాస్తాను.

ముందు మన హాస్టల్ సంగతి. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మోటారు స్విచ్ పక్కన గోడ మీద "పది నిమిషాలకు మించి వేయరాదు" అని రాసి ఉండేది. ఎందుకో ఎవరికీ తెలియదు. ఒంటిపూట బడుల రోజుల్లో ఒకనాడు మేం అరగంట వేశాం. బోరులో నీళ్లు అడుగంటి మోటారు కాలిపోయింది. నాలుగు రోజులు కాలువకు పోయి స్నానాలు చేశాం. వార్డెన్ సారు మమ్మల్ని కొట్టలేదు. ఆ రాత కింద "బోరులో నీళ్లు తక్కువ, మోటారు కాలుతుంది" అని నా చేతే రాయించారు. ఆ తర్వాత ఎవరూ ఎక్కువసేపు వేయలేదు.

ఆ పాఠం నేనే మరిచిపోయాను. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో చేరాను. ఆండ్రాయిడ్ యాప్‌లో ఎక్కువ భాగం జావాలోనో కోట్లిన్‌లోనో రాస్తారు. వేగం కావలసిన చోట సీ ప్లస్ ప్లస్‌లో రాస్తారు. దాన్నే నేటివ్ కోడ్ అంటారు. దాన్ని ఒక్కో రకం ప్రాసెసర్‌కు విడివిడిగా తయారుచేయాలి. ఏయే రకాలకు చేయాలో గ్రేడిల్ ఫైలులో "ఏబీఐ ఫిల్టర్స్" అనే లైను చెబుతుంది.

2018లో మా ఫైలులో ఆ లైనులో 32 బిట్ ఆర్మ్ ఒక్కటే ఉంది. రాసినాయన ఉద్యోగం మానేశాడు. అడుగుదామంటే నా ఇంగ్లీషు విని నవ్వుతారని భయం. అనవసరమనుకుని తీసేశాను. నా దగ్గరున్న 32 బిట్ ఫోన్‌లో బాగానే నడిచింది. కానీ మా పాత లైబ్రరీ 32 బిట్‌లో మాత్రమే ఉంది, బయట కొన్న లైబ్రరీ రెండింటిలోనూ ఉంది. 64 బిట్ ఫోన్ యాప్‌లో 64 బిట్ ఫోల్డర్ కనిపించగానే మొత్తానికీ దాన్నే ఎంచుకుంటుంది. అందులో మా లైబ్రరీ లేదు. యాప్ తెరవగానే మూసుకుపోయింది.

అప్పటికి నేనింకా ప్రొబేషన్‌లో ఉన్నాను. నెలనెలా ఇంటికి పంపే డబ్బులు గుర్తొచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. "ఎందుకు తీశావు?" అన్నారు టీమ్ లీడ్. "ఎందుకుందో ఎక్కడా రాసిలేదు సార్" అన్నాను. "అయితే నువ్వే రాయి" అన్నారు.

నెల రోజులు రాశాను. ప్రతి ఆప్షన్‌కూ నాలుగు మాటలు: ఏమిటది, ఇప్పుడు విలువ ఎంత, ఎందుకలా పెట్టాం, ఎప్పుడు మార్చవచ్చు. ఎన్‌డీకే వెర్షన్ ఎందుకు మార్చకుండా ఉంచాం? 2018లో వచ్చిన 18వ విడుదలలో జీసీసీ కంపైలర్‌ను తీసేశారు, మా పాత కోడ్ దాని మీదే ఆధారపడింది. సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్ షేర్డ్ ఎందుకు? మాకు ఒకటి కంటే ఎక్కువ లైబ్రరీలున్నాయి గనుక. ఏబీఐ లైను పక్కన "పాత లైబ్రరీ 64 బిట్‌లో వచ్చాక తీయవచ్చు" అని రాశాను.

2019 ఆగస్టు నుంచి గూగుల్ ప్లేలో 64 బిట్ తప్పనిసరి అయింది. ఏం చేయాలో ఆ ఒక్క వాక్యం చూసి తెలుసుకున్నాం. 2025 నవంబర్ 1 నుంచి, ఆండ్రాయిడ్ 15కు తయారుచేసే యాప్‌లు 16 కేబీ మెమరీ పేజీలతోనూ పనిచేయాలన్న నిబంధన వచ్చింది. ఎన్‌డీకే 28తో మన కోడ్ దానంతటదే సరిపోతుంది. కొన్న లైబ్రరీలను మాత్రం అమ్మినవాళ్లే మళ్లీ తయారుచేసి ఇవ్వాలి. అవేవో ఆ కాగితంలోనే ఉన్నాయి. గురుకులంలో చదివి కొత్తగా చేరిన చెల్లెలు ఒకరు అది చదివి, ఎవరినీ అడగకుండా పని పూర్తిచేసింది. ఆ రోజు నాకు కలిగిన ఆనందం జీతం పెరిగినప్పుడు కూడా కలగలేదు.

తమ్ముళ్లారా, తెలియనిది అడగండి, నాలాగా సిగ్గుపడకండి. తెలుసుకున్నది కారణంతో సహా రాసిపెట్టండి. మీ తర్వాత వచ్చేవారిలో అడగలేనివాళ్లు ఉంటారు.

మోటారు పక్కన ఆ రాత ఇంకా ఉంటే, సున్నం వేసేటప్పుడు చెరపవద్దని చెప్పండి.

ఇట్లు,
మీ పూర్వ విద్యార్థి