తీగలేని వాకిలి

ఇల్లు కట్టునపుడు వాకిలి ఏ దిక్కున నుండవలెనో సిద్ధాంతిగారి నడుగుట మనవారికి అనాదిగా నున్న యాచారము. ఇప్పుడును అడుగుచునే యున్నారు. కాని యీ కాలమున ప్రతి యింటికిని గోడలతో నిమిత్తము లేని వాకిలి మఱియొకటి యేర్పడినది. దాని దిక్కు నెవరును విచారింపరు. దానికి గడియ యున్నదో లేదో యసలే విచారింపరు. ముందు ఇనుపతలుపును, ఆ తలుపునకు రెండు తాళములును వేయు గృహస్థుడు, ఈ వైఫై యనెడు వాకిలిని మాత్రము కనెక్షను బిగింప వచ్చిన కుఱ్ఱవాని దయకు విడిచి సుఖముగా నిద్రించుచున్నాడు.

మా కంప్యూటరు పెద్దపెట్టె గలది, వెనుకగదిలో నుండును. రౌటరు ముందరి వసారాలో నున్నది. చిరకాలము గుమ్మములమీదుగా తీగ లాగి పని జరుపుకొంటిమి. ఆ తీగ కాలికి దగిలి మా యత్తగారు పడబోయిన పిదప, యు.ఎస్.బి. రంధ్రమున గ్రుచ్చెడు వైర్‌లెస్ అడాప్టరు నొకదానిని గొంటిమి. బొటనవ్రేలంత వస్తువు. దానిని నడుపుటకు డ్రైవరనెడు ప్రోగ్రాము కావలెను. అది సి.డి. బిళ్లమీద వచ్చినది, బిళ్లను పెట్టు అర మా యంత్రమునకు లేదు. ఇంటర్నెట్టునుండి తెచ్చుకొందమా, ఆ యింటర్నెట్టు కొఱకే గదా యీ ప్రయాస! పిచ్చి కుదిరినగాని పెండ్లి కుదురదు, పెండ్లి కుదిరినగాని పిచ్చి కుదురదు. తుదకు మొబైలు ఫోనును తీగతో కంప్యూటరునకు దగిలించి, దాని డేటాతో, అడాప్టరు చేసినవారి సొంత వెబ్‌సైటునుండియే డ్రైవరును దింపుకొంటిమి. ఊరుపేరు లేని తావులలో ఉచితముగా దొరకు డ్రైవర్లు ఉచితములు కావు. వాని వెల పిమ్మట తెలియును.

మఱియొక చిక్కు. అడాప్టరు పెట్టె వెనుక, గోడకు నినుమునకు నడుమ నున్నంతకాలము వేగము నత్తనడకయే. యు.ఎస్.బి. 3.0 పరికరములు 2.4 గిగాహెర్ట్జ్ తరంగముల చెంత రొద పుట్టించునని ఇంటెల్ సంస్థవారు 2012లోనే వ్రాసియున్నారు. మూరెడు పొడిగింపు తీగ వేసి దానిని బల్లమీదికి దెచ్చితిమి. సగము రోగము కుదిరినది. 5 గిగాహెర్ట్జ్ తరంగము వేగము గలదే కాని గోడ యడ్డమైనచో త్వరగా నీరసించును. 2.4 తరంగము గోడలను దాటును. దాటి వీధిలోనికిని పోవును. ఇక్కడనే అసలు ప్రశ్న పుట్టుచున్నది. వీధిలో నిలుచున్నవానికి మన మాట వినబడుచున్నప్పుడు, అది వానికి అర్థము కాకుండుట యెట్లు?

1997లో ఈ వైర్‌లెస్ ప్రమాణముతోబాటు వెప్ అను రహస్యలిపి వచ్చినది. 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అను పండితులు దాని లోపమును బయలుపెట్టిరి. 2003లో డబ్ల్యు.పి.ఎ., 2004లో దాని రెండవ రూపము, 2018లో మూడవ రూపము వచ్చినవి. మూడవదానికి అడాప్టరును డ్రైవరును రౌటరును మూడును ఒప్పుకొనవలెను. ఒప్పుకొననిచో రెండవదైనను చాలును, తాళపుమాట గట్టిదైన యెడల. ఆ గట్టిదనమే మనవారిలో కఱవు. రెండవ రూపమున తాళపుమాట యెనిమిది మొదలు అఱువదిమూడు అక్షరములవఱకు నుండవచ్చును. మనవారు పెట్టునది ఇంటియజమాని ఫోను నంబరు! చదువరులారా, లెక్క వేయుడు. మన మొబైలు నంబరు 6 మొదలు 9 వఱకు గల అంకెతో ఆరంభమగును గనుక, ఉండదగినవి మొత్తము నాలుగువందల కోట్లు. పరికరము రౌటరుతో చేయి గలుపునప్పటి సంకేతమును దొంగ యొక్కసారి పట్టుకొనిపోయెనా, ఇక మన వీధిలో నుండనక్కఱ లేదు. తన యింట గూర్చుండి సెకండునకు ఐదులక్షల చొప్పున పరీక్షించినను రెండున్నర గంటలలో పని ముగియును. ఆటలకొఱకు అమ్మెడు గ్రాఫిక్సు కార్డు ఆ వేగమును సులభముగా నందుకొనును. సంబంధము లేని నాలుగైదు మాటలను కలగాపులగముగా జేర్చిన వాక్యమే దీనికి మందు. మా యింట దానిని కూర్చినది మా యత్తగారు. అందులో నొక యూరగాయ పేరున్నదని మాత్రము చెప్పుదుము.

మీట నొక్కిన చాలు, ఎనిమిదంకెల పిన్ను కొట్టిన చాలు అను డబ్ల్యు.పి.ఎస్. సదుపాయమును తీసివేసితిమి. ఆ పిన్నును రౌటరు రెండు ముక్కలుగా సరిచూచుననియు, పదునొకండువేల ప్రయత్నములలోపల నది దొరకుననియు 2011లో తేలినది. పేరు దాచిన నెట్‌వర్కు భద్రమనువారు కలరు. పరదా వేసినంత మాత్రమున ఇంట మనుషులు లేరని దొంగ భ్రమపడునా?

తెఱచియుంచిన వాకిలివలన ఏమి కలుగునో 2008 జులై 26వ తేదీ చెప్పినది. అహమ్మదాబాదు ప్రేలుళ్లకు కొన్ని నిముషములు ముందు పంపబడిన ఈమెయిలు జాడ దీసి పోలీసులు నవీ ముంబైలోని యొక విదేశీయుని ఇంటికి జేరిరి. ఆతని తాళములేని వైఫై నెవరో వాడుకొనిరని పిమ్మట తెలిసినది. ఈ మధ్య నాతడు పడిన యాతనను ఊహించుకొనుటయే మేలు.

ఇంతకంటె మాకు బాధ గలిగించునది వేఱొకటి యున్నది. అనేక గృహములలో రౌటరు తాళపుమాట బెంగుళూరునందో అమెరికాయందో యున్న కుమారునికి మాత్రమే తెలియును. పింఛను లెక్కలు, బ్యాంకు పనులు దానిమీద నడపు తల్లికి తెలియదు. "ఆమె కెందుకండీ?" యందురు. నగలపెట్టె తాళము నామె కొంగున గట్టించిన లోకమే యిట్లనుచున్నది! మేము రౌటరు అసలు తాళమును మార్చి, అది తెలిసినవారు ఇంట ముగ్గురుండునట్లు జేసి, పప్పులడబ్బా మూతలోపల నంటించితిమి. దొంగ వంటింటిలోనికే వచ్చినచో వైఫై గూర్చి చింత యేల?

ఇదంతయు ముగిసిన వారమునకు ప్రక్కవాటాలోని కుట్టుపనివారి యమ్మాయి వచ్చి, "పిన్నిగారూ, పరీక్షలవఱకు వైఫై యిత్తురా?" యని మా యింటి యామె నడిగినది. ఇంట వాదము రేగినది. తెలిసినవారికైనను తాళపుమాట నిచ్చిన వీధికి జాటినట్లేయని యొకరు. ఆడపిల్ల చదువునకు అడ్డు పడుట పాపమని యొకరు. రెండును నిజములే. రౌటరులో అతిథులకు వేఱొక నెట్‌వర్కు నేర్పఱుచు వీలు కలదు. అందుండి వచ్చినవారికి బయటి లోకము దొరకును గాని మన కంప్యూటరు కనబడదు. మా కంప్యూటరులో ఫైళ్లు పంచుకొను సదుపాయమును తీసివేసి, అతిథి వాకిలికి ప్రత్యేకముగా తాళపుమాట నొకటి కట్టి యిచ్చితిమి. అమ్మాయి దానిని ఒకసారి చదివి, "ఇది మా వీధిలో ఎవరికిని చెప్పను లెండి" యని, చీటీని మాకే తిరిగి యిచ్చి వెళ్లినది.