సాల్మన్ తలకాయ పులుసు



మొన్న మేము పెట్టిన ఫొటో చూసి చాలామంది అడిగారు, "అన్నా అదేం చేప అంత ఎర్రగా ఉంది, అమెరికా పోయి కూడా పులుసేనా?" అని. అవును, పులుసే. చేప పేరు సాల్మన్. కామెంట్‌లో రాస్తే సరిపోయేలా లేదు, అందుకే ఈ పోస్టు. కొంచెం పొడవైంది, ఓపిక చేసుకుని చదవండి.

మేము ముగ్గురం. ఇద్దరిది కూనవరం వైపు, ఒకరిది పాడేరు. ఒరెగాన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్ అనే ఊళ్లో చదువుకుంటూ ఒకే ఇంట్లో ఉంటున్నాం. వంట వంతులవారీగా. పాడేరోడి వంతు వచ్చిన రోజు మిగతా ఇద్దరం ముందే ఏదో ఒకటి తినేసి వస్తాం, అది వేరే కథ.

మొదటిసారి సాల్మన్ తిన్నది ఇక్కడి ఇండియన్ రెస్టారెంట్‌లో. ఉద్యోగం వచ్చిందని ఒక సీనియర్ తీసుకెళ్లాడు. తందూరీ సాల్మన్ తెప్పించాడు. పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం, వాము, కసూరి మేథి కలిపి ముక్కలకి పట్టించి, ఊచకి గుచ్చి తందూర్‌లో కాలుస్తారు. వేడి పెనం మీద చుయ్యిమంటూ వచ్చింది, కింద ఉల్లిపాయ, పక్కన నిమ్మకాయ. బాగానే ఉంది. కానీ బిల్లు చూస్తే ఆ ఒక్క ప్లేటు ధరకి మేము మూడు రోజులు వండుకుంటాం.

వడ్డించినాయన్ని ఇది ఇక్కడి నది చేపేనా అని అడిగితే, కాదు, పెంచిన అట్లాంటిక్ సాల్మన్ అన్నాడు. పెంపకం చేపకి కొవ్వెక్కువ, అంత నిప్పులో పెట్టినా ఎండిపోదు. ఏడాది పొడుగునా ఒకే సైజులో దొరుకుతుంది కూడా. పక్కనే కొలంబియా నదిలో సాల్మన్ ఎదురీదుతుంటే ప్లేట్లోకి మాత్రం సముద్రంలో వలపంజరాల్లో మేత వేసి పెంచింది వస్తుంది.

ఇంకో మాట. మన దగ్గర ఆన్‌లైన్‌లో "ఇండియన్ సాల్మన్" అని అమ్మేది ఈ చేప కాదు. ముంబైవాళ్లు రావస్ అంటారు, మన కోస్తాలో మాగ అంటారు. మంచి చేపే, కానీ ఈ జాతి కాదు. అసలు సాల్మన్ బతుకు మన పులసని పోలి ఉంటుంది. సముద్రంలో విలస, గోదారిలోకి ఎదురీదితే పులస అంటారు కదా. సాల్మన్ కూడా ఏట్లో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి తను పుట్టిన ఏరే వెతుక్కుంటూ వెనక్కి వస్తుంది. ఇక్కడి పసిఫిక్ సాల్మన్ గుడ్లు పెట్టాక చచ్చిపోతుంది.

ఇంట్లో మొదటిసారి మేము ముక్కలు తెచ్చి, బొచ్చెని ఉడికించినట్టు ఇరవై నిమిషాలు ఉడికించాం. గరిటె పెడితే ఉప్మా అయిపోయింది. ముక్కల మీద తెల్లగా ఏదో పేరుకుంది. పాడైపోయిందేమో అనుకున్నాం గానీ, ఎక్కువ వేడి తగిలితే చేపలో నుంచి బయటికొచ్చే మాంసకృత్తి అది. తర్వాత తెలిసింది, చైనా వాళ్ల, వియత్నాం వాళ్ల కొట్లలో సాల్మన్ తలకాయలు చవగ్గా ఇస్తారని. ఇక్కడివాళ్లు ఎక్కువగా ముల్లు లేని ముక్కే కొంటారు. మనకేమో తలకాయే కదా అసలు.

అప్పుడు ఫోన్లో అమ్మని పట్టుకున్నాం. మా చిన్నోడి అమ్మ, మేము ముగ్గురం అమ్మా అనే పిలుస్తాం. మొప్పలు తీసి ఉప్పు, పసుపుతో రుద్ది కడగమంది. మెంతులు మాడకుండా వేయించి, ధనియాలతో పొడి కొట్టమంది. చింతపండు పులుసు బాగా మరిగి చిక్కబడ్డాకే చేప వెయ్యాలి, వేశాక గరిటె పెట్టకూడదు, గిన్నె పట్టుకుని తిప్పాలి. సాల్మన్ కొవ్వు చేప కాబట్టి నూనె సగం చాలు, పులుపు కొంచెం ఎక్కువే పట్టాలి. తలకాయలకి పది పన్నెండు నిమిషాలు, ముక్కలైతే ఐదారు నిమిషాల్లో దించెయ్యాలి. అదీ మీరు ఫొటోలో చూసింది.

ఆ రోజు పొగకి అలారం మోగింది. పక్కింటి తలుపు తెరుచుకోగానే మా ముగ్గురికీ ఒకటే గుర్తొచ్చింది, హాస్టల్. ట్రంకు పెట్టెలో ఎండు చేపలు తెచ్చుకున్నామని అందరి ముందు నిలబెట్టి "అడివోళ్లు, కంపు" అన్న రోజు. మీలో కూడా చాలామందికి అలాంటిది ఉండే ఉంటుంది. పక్కింటామె మాత్రం కిటికీ తెరవమని చెప్పి వెళ్లిపోయింది, అంతే. మేమే చాలాసేపు మాట్లాడుకోలేదు.

సెప్టెంబర్‌లో కాస్కేడ్ లాక్స్ వెళ్లాం. పోర్ట్‌లాండ్ నుంచి గంటలోపే. అక్కడ వంతెన దగ్గర ఆదివాసీలు తాము పట్టిన సాల్మన్ ఐసు పెట్టెల్లో పెట్టుకుని నేరుగా అమ్ముతారు. ఒక పెద్దామె దగ్గర చినూక్ అనే రకం కొన్నాం. ఎక్కడివాళ్లు మీరు అంది. ఇండియన్స్ అన్నాం. "నేనూ ఇండియన్‌నే" అని నవ్వింది. మేము అక్కడి ట్రైబ్స్ అని చెప్పగానే చేప తూచడం ఆపేసి, "మీ నది ఏది?" అని అడిగింది. ఊరు కాదు, రాష్ట్రం కాదు, నది.

శబరి, గోదావరి అని చెప్పాం. డ్యామ్ గురించి కూడా చెప్పాం. అప్పుడు ఆమె సెలైలో జలపాతం గురించి చెప్పింది. కొలంబియా మీద వేల ఏళ్లుగా వాళ్లు చేపలు పట్టిన చోటు. 1957 మార్చి 10న డాలెస్ డ్యామ్ గేట్లు మూస్తే కొన్ని గంటల్లోనే మునిగిపోయింది. కానీ చేపల మీద హక్కు మునగలేదు. యకామా, ఉమటిల్లా, వార్మ్ స్ప్రింగ్స్, నెజ్ పెర్స్ తెగలు 1855లో ఒప్పందాలు చేసుకుంటూ భూమి చాలావరకు వదులుకున్నా, పాత చోట్ల చేపలు పట్టే హక్కు మాత్రం రాయించుకున్నారు. తర్వాత వందేళ్లకి పైగా వలలు లాక్కున్నా, జైల్లో పెట్టినా ఆ కాగితమే పట్టుకుని నిలబడ్డారు. 1969లో ఇక్కడి కోర్టు వాళ్లకి న్యాయమైన వాటా ఇవ్వాలంది. 1974లో పక్కనున్న వాషింగ్టన్ రాష్ట్రంలో బోల్డ్ అనే జడ్జి, పట్టదగిన చేపల్లో సగం దాకా ఒప్పందం ఉన్న తెగలదే అని తీర్పిచ్చాడు. క్లామత్ నది మీదైతే తెగలు ఏళ్ల తరబడి పోరాడితే నాలుగు డ్యాములే తీసేశారు. 2024లో ఆ పని అయిన కొద్ది రోజులకే సాల్మన్ పాత డ్యాములు దాటి పైకి వచ్చింది.

చేప ఎలా వండుతారని కూడా అడిగాం. దేవదారు కర్రకి చీల్చి కట్టి, మంట పక్కన నిలబెట్టి కాలుస్తారట. ఉప్పు కూడా పెద్దగా వెయ్యరట. మేము అడ్డాకులో చుట్టి నిప్పుల్లో పెడతామని ఫోన్లో ఫొటో చూపించాం. మా మసాలా డబ్బీ వాసన చూసి ఆమె తుమ్మింది.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాం. అమ్మ ఇప్పుడు కాలనీలో ఉంటోంది. 2022 వరద తర్వాత ఊరు వదిలేశారు. శబరి అక్కడికి దగ్గర్లో లేదు. ఆటోలో ఐసు పెట్టిన చెరువు చేప వస్తే కొనుక్కోవాలి. నాన్న వల ఇంటి వెనక మేకుకి వేలాడుతోంది. అంతా విని అమ్మ ఒకటే అడిగింది, "మనం సంతకం పెట్టిన కాగితంలో చేపల మాట ఉందారా?"

చూశాం. మా ఇంటి కాగితాల్లో భూమి ఉంది, ఇల్లు ఉంది, చెట్లు ఉన్నాయి. ఏరు లేదు.

చింతూరు, కూనవరం, వీఆర్ పురం, ఎటపాక వైపు కాలనీల్లో ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ ఇంటి కాగితాలు ఒకసారి తీసి చూడండి. చేపల సంగతి ఎక్కడైనా రాసుంటే ఆ పేజీ ఫొటో కింద పెట్టండి. రిజర్వాయర్‌లో చేపల సొసైటీలో మన పేర్లు ఉంటాయా అని ఎవరైనా గ్రామసభలో అడిగి ఉంటే ఏం జవాబిచ్చారో రాయండి. లా చదివే వాళ్లు గ్రూపులో నలుగురైదుగురు ఉన్నారు, వాళ్లని ట్యాగ్ చేస్తున్నాం.

పులుసు కొలతలు కావాలన్నవాళ్లకి ఆదివారం వీడియో పెడతాం. ఆ రోజు వంట పాడేరోడిది కాదు.