మూతలు సరిగ్గా పట్టే పెట్టెలు

స్టాన్లీ కుబ్రిక్‌కి అట్టపెట్టెల మూతలంటే ఒళ్లు మంట. బిగుతుగా ఉంటే ఓ పట్టాన ఊడిరావు, వదులుగా ఉంటే జారిపోతాయి. చివరికి తనకు ఎలాంటివి కావాలో వివరంగా రాసి పంపి, ఓ కంపెనీ చేత ప్రత్యేకంగా చేయించుకున్నాడు. లండన్‌లో చదువుకునే రోజుల్లో ఈ సంగతి విని, సినిమాలు తీసే మనిషికి ఇదేం చాదస్తం అని నవ్వుకున్నాం. ఆ పెట్టెల్లోని సరంజామా కళ్లారా చూశాక మాత్రం, ఇంత దాచుకునేవాడికి మూత పెద్ద విషయమే అనిపించింది.

ఆయన 1999 మార్చిలో పోయాడు. సెయింట్ ఆల్బన్స్ దగ్గర చైల్డ్‌విక్‌బరీలో ఆయన ఇంట్లోనూ, చుట్టుపక్కల షెడ్లలోనూ ఎక్కడ చూసినా పెట్టెలే. కుటుంబం వాటిని యూనివర్సిటీ ఆఫ్ ది ఆర్ట్స్ లండన్‌కి ఇచ్చేస్తే, 2007లో ఎలిఫెంట్ అండ్ కాజిల్ దగ్గరి కాలేజీలో అందరికీ తెరిచారు. చూడాలంటే ప్రొఫెసరై ఉండక్కర్లేదు. ఏం చూస్తామో ముందుగా రాసి, రమ్మన్న రోజున వెళ్లాలి. సంచీ బయట పెట్టాలి. పెన్ను పనికిరాదు, పెన్సిలే.

నేను అడిగింది నెపోలియన్. ఆయన తీయని సినిమా.

1968లో '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' విడుదలయ్యాక తలకెత్తుకున్న పని అది. ఆక్స్‌ఫర్డ్ చరిత్రకారుడు ఫెలిక్స్ మార్కమ్‌ని సలహాదారుగా పెట్టుకుని, విద్యార్థుల చేత కార్డులు రాయించాడు. నెపోలియన్, అతని చుట్టూ తిరిగిన సుమారు 50 మంది ఏ తేదీన ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు అన్నదంతా తేదీలవారీగా చిన్న చిన్న సొరుగుల్లో ఉంది. కార్డుల నెత్తిన రంగు రంగుల గుర్తులు. రంగును బట్టి మనిషి. పైనుంచి చూస్తే ఒక్క అక్షరం చదవకుండానే ఆ కాలం అర్థమవుతుంది. రంగులు ఒత్తుగా కలిసినచోట నలుగురూ ఒకచోట చేరారు, ఏదో జరగబోతోంది. ఒకే రంగు సాగినచోట మనిషి ఒంటరి. స్క్రీన్‌ప్లే పాఠాలు వినీ వినీ విసిగిపోయిన నాకు, సన్నివేశం ఎక్కడ పుడుతుందో ఆ గుర్తులు చెప్పినంత బాగా ఏ మాస్టారూ చెప్పలేదు.

దానికి తోడు నెపోలియన్ కాలం నాటి బొమ్మల స్లైడ్లు, లొకేషన్ ఫొటోలు వేలల్లో ఉన్నాయి. యుద్ధాలకు రొమేనియా సైన్యాన్ని అడిగి తెచ్చుకోవాలనీ, దూరంగా నిలబడే సిపాయిలకు కాగితం లాంటి చవక బట్ట మీద యూనిఫాం అచ్చువేయించాలనీ ఆలోచన. ఖర్చుకు భయపడి స్టూడియో వెనక్కి తగ్గింది. 1970లో అదే నెపోలియన్ మీద వచ్చిన 'వాటర్లూ' నష్టపోవడంతో ఆశ పూర్తిగా వదులుకోవాల్సి వచ్చింది. ఆ వెతుకులాటలో కొంత 'బారీ లిండన్' (1975)కు పనికొచ్చింది. నాసా కోసం జైస్ కంపెనీ తయారుచేసిన లెన్సులతో కొవ్వొత్తుల వెలుగులోనే సన్నివేశాలు తీసిన సినిమా అదే.

ఇంకోసారి 'ఐస్ వైడ్ షట్' ఫొటోలు చూశాను. న్యూయార్క్ కథకు లండన్‌లో వీధులు కావాలి. అందుకని తూర్పు లండన్‌లోని కమర్షియల్ రోడ్డుని ఫొటోలు తీయించాడు. మామూలుగా కాదు. నిచ్చెనెక్కి ఒక ఫొటో, నాలుగడుగులు జరిగి మళ్లీ నిచ్చెన, మళ్లీ ఫొటో. అవన్నీ పక్కపక్కన అతికిస్తే వీధి వీధంతా ఎదురుగా పరుచుకుంటుంది. దుకాణాల బోర్డులు, మూసిన షట్టర్లు, ఓ గుమ్మం, పక్కనే ఇంకో గుమ్మం. చివరికి ఆ న్యూయార్క్ వీధుల్ని పైన్‌వుడ్ స్టూడియోలో సెట్ వేసి తీశారు!

ఇదంతా ప్రతిభకు నిదర్శనమని పుస్తకాలు రాస్తారు. నాకలా తోచలేదు. ఆయనకు అసలు సరదా వెతకడంలోనే ఉంది. సినిమా దానికో సాకు. 'ది షైనింగ్' 1980లో వచ్చింది, తర్వాతది 1987లో, ఆ తర్వాతది ఆయన పోయిన 1999లో. మధ్య ఏళ్లన్నీ ఈ పెట్టెల్లోనే ఉన్నాయి. అయినా ఆ పెట్టెలు చూస్తే నాకు కడుపుమంట. ఎందుకంటే, మనకు తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రింటే మిగల్లేదు, ఇక కాగితాల మాట ఎవరడుగుతారు?

అభిమానుల ఉత్తరాలు కూడా దాచాడు, అదీ ఊళ్ల వారీగా. ఏ ఊళ్లోనైనా హాల్లో బొమ్మ సరిగ్గా పడుతోందా లేదా చూసిరమ్మనడానికి అక్కడి అభిమాని చిరునామా చేతిలో ఉండాలట!

ఆ రాత్రి హైదరాబాద్‌లో అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేస్తున్న స్నేహితుడికి ఫోన్ చేసి ఇదంతా ఊపిరాడకుండా చెప్పాను. కార్డులు, రంగులు, నిచ్చెన, ఉత్తరాలు. వాడు ఓపిగ్గా అంతా విన్నాడు.

"బానే ఉంది గానీరా, ఆ నిచ్చెనెక్కినోడికి రోజువారీ బేటా టైముకి ఇచ్చారా?" అన్నాడు.