ముప్ఫై సెకన్లు

నాన్నగారికి చదరంగమంటే ప్రాణం. 1990ల చివర నేను కొన్న మొదటి కంప్యూటరులో ఒక చదరంగపు ప్రోగ్రాము ఉండేది. దానికి ఎత్తుకు ముప్ఫై సెకన్ల గడువు పెట్టి ఆడేవారు. మూడాటల్లో రెండు ఆయనవే. ఐదేళ్ళ తర్వాత కొత్త కంప్యూటరు కొని, అదే ప్రోగ్రామును అదే గడువుతో అందులో పెట్టాను. ఆ వారమంతా ఆయన ఒక్క ఆటా గెలవలేదు.

"దీనికి కొత్తగా ఎవరు నేర్పార్రా?" అని అడిగారు.

ఎవరూ నేర్పలేదు. కొత్తది సుమారు ఇరవై రెట్లు వేగవంతమైనది, అంతే. పాతది పది నిమిషాలు ఆలోచిస్తే చూడగలిగినంతా ఇది ముప్ఫై సెకన్లలో చూసేస్తోంది. చదరంగంలో ఒక్కొక్క స్థితిలో సగటున ముప్ఫై అయిదు దాకా ఎత్తులు సాధ్యం. పనికిరాని శాఖలను ఎంత నేర్పుగా నరికివేసినా, మరొక్క ఎత్తు ముందుకు చూడాలంటే దాదాపు ఆరు రెట్ల పని. అంటే ఇరవై రెట్ల వేగానికి దక్కిన అదనపు చూపు రెండెత్తులు కూడా లేదు. నాన్నగారి గుర్రం పన్నాగం ముందే బయటపడడానికి ఆ కాస్తా చాలింది.

అయితే వేగమే సర్వస్వమా అంటే కాదు. 1996లో డీప్ బ్లూ సెకనుకు పది కోట్ల స్థితులు పరిశీలించి కూడా కాస్పరోవ్ చేతిలో 4-2తో ఓడింది. 1997లో మూడున్నర - రెండున్నరతో గెలిచిన నాటికి దాని వేగం ఇంచుమించు రెట్టింపయింది. కాని ఆ మధ్యకాలంలో దానికి ఆటలోని మంచిచెడ్డలు తెలియజెప్పడానికి గ్రాండ్‌మాస్టర్లు కూడా శ్రమించారు. 2009లో బ్యూనస్ ఎయిర్స్ పోటీలో పాకెట్ ఫ్రిట్జ్ 4 అనే ప్రోగ్రాము ఒక చేతిఫోనులో నడుస్తూ పదింట తొమ్మిదిన్నర పాయింట్లు సాధించింది. ప్రత్యర్థులు కాస్పరోవ్ అంతటివారు కారు, నిజమే. కాని అది సెకనుకు చూసినవి 20 వేల స్థితులకు మించవు. డీప్ బ్లూ వేగంలో పదివేలవ వంతు! ఏది చూడనక్కరలేదో తెలియడమూ ఒక బలమేనన్నమాట.

ఇదంతా చదివిన నాకు ఒక ఉపాయం తట్టింది. యంత్రానికి వేగమూ వ్యవధీ ఒకటే కదా. గడువును ముప్ఫై సెకన్ల నుంచి ఒకటిన్నరకు తగ్గిస్తే అది మళ్ళీ ఆ పాత కంప్యూటరే! అప్పటికి నాన్నగారికి జబ్బు చేసి, ఆలోచన మందగించింది. ఆయనకు చెప్పకుండా గడువు మార్చాను. వరుసగా రెండాటలు గెలిచారు. మూడో ఆట సగంలో చేయి వెనక్కి తీసుకున్నారు.

"నిన్నటిదాకా ఇక్కడ దీన్ని బోల్తా కొట్టించడం నా వల్ల కాలేదు. ఏం చేశావు?"

చెప్పాను. కోప్పడలేదు.

"దానికి తగ్గించకు. నాకు పెంచు."

గడువు మళ్ళీ ముప్ఫై సెకన్లకు మార్చి, ఆయన వైపు గడియారం తీసేశాను. ఆ సాయంత్రం ఒక్క ఎత్తుకు నలభై నిమిషాలు తీసుకున్నారు. అమ్మ దీపం పెట్టి వెళ్ళింది. ఆట ఓడిపోయారు. ఓడిపోయి, "ఇది ఆటంటే," అని మళ్ళీ మొదటినుంచి పావులు పేర్చమన్నారు.